పాత పుస్తకాల కొట్టు: సందిగ్ధత మీద కొన్ని ఆలోచనలు

ప్రవాసంలో తెలుగువాళ్ళు పదిమంది చేరిన సభల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "కంప్యూటర్లకి అన్నిటికన్నా అనువైన భాష సంస్కృతం. అందులో సందిగ్ధత లేదు. ఈ సంగతి నాసా వాళ్ళే ఒప్పుకున్నారు." వక్త ఆ మాట అనగానే చప్పట్లు పడతాయి. సంస్కృతం నుంచి ఇన్ని మాటలు తెచ్చుకున్న తెలుగు కూడా అంత శాస్త్రీయమైనదేనని ఇంకో మాట దానికి తోడవుతుంది. ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఆ గర్వాన్ని ఇంటికి పట్టుకెళతారు.

నేను పొట్టకూటి కోసం ఇరవై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నవాణ్ణి. తీరిక దొరికితే పాత కావ్యాలు తిరగేసేవాణ్ణి. ఈ రెండు అలవాట్లూ ఉన్నవాడికి ఆ మాట రెండు వైపులా గుచ్చుకుంటుంది. సందిగ్ధత అంటే ఏమిటో కంప్యూటర్ శాస్త్రం చాలా కచ్చితంగా నిర్వచించింది. ఆ నిర్వచనం చేతబట్టుకుని మన సాహిత్యం వైపు చూస్తే, మన పెద్దలు సందిగ్ధతని వదిలించుకోలేదు సరికదా, దాన్ని పెంచి పోషించారని తెలుస్తుంది. నా దృష్టిలో అసలు గర్వించవలసింది అందుకే.

ముందుగా నాసా సంగతి తేల్చుకుందాం. నాసా ఏమ్స్ కేంద్రంలో పనిచేసిన రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు 1985లో ఏఐ మ్యాగజైన్ అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఎక్కడ చూసినా ఉదహరించేది దాన్నే. అది ఆ సంస్థ తీర్మానం కాదు, ఒక వ్యక్తి వ్యాసం. అందులో సంస్కృతానికి మంచి కితాబే ఉంది. అయితే ఆయన ముఖ్యంగా చూపించినది నాగేశభట్టు వంటి వైయాకరణులు ఒక వాక్యాన్ని క్రియగా, కారకాలుగా విడమర్చి తిరగరాసే పద్ధతిని. ఆ పద్ధతి యంత్రంలో జ్ఞానాన్ని భద్రపరిచే పద్ధతులకి దగ్గరగా ఉందన్నాడు. అంటే సందిగ్ధత లేనిది ఆ వివరణలో. అంత వివరణ కావలసి వచ్చిందంటేనే మూలవాక్యంలో సందేహానికి చోటుందన్నమాట! చప్పట్ల మధ్య ఈ ముక్క ఎవరికీ వినబడదు.

వ్యాకరణం గీసే చెట్టు

1956లో నోమ్ చామ్‌స్కీ భాషల వర్ణనకి పనికొచ్చే వ్యాకరణ నమూనాల గురించి ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. 1959లో జాన్ బాకస్ ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణాన్ని క్లుప్తంగా రాసే ఒక పద్ధతి చూపించాడు. మరుసటి ఏడు పీటర్ నార్ సంపాదకత్వంలో వచ్చిన ఆల్గాల్ 60 నివేదికతో ఆ పద్ధతి అందరికీ అలవాటైంది. దానికి పాణిని పేరు కూడా చేర్చాలని పీటర్ ఇంగర్‌మన్ 1967లో ఒక లేఖ ద్వారా సూచించాడు. మనం నిజంగా చెప్పుకోదగ్గ సంగతి ఇది. అయినా ఒక తేడా గుర్తుంచుకోవాలి. పాణిని సంధి సూత్రాలు పక్కనున్న అక్షరాన్ని చూసి పనిచేస్తాయి. బాకస్ నియమాలు పక్కకి చూడవు. అందుకే వాటిని ఇంగ్లీషులో కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్ అన్నారు. మనం సందర్భ నిరపేక్ష వ్యాకరణం అందాం. ఒక నియమం ఎక్కడ వర్తిస్తుందో తేల్చడానికి అటూ ఇటూ ఏముందో అడగనక్కర్లేదు. ఆ పేరులోనే దాని బలమూ ఉంది, బలహీనతా ఉంది.

ఒక చిన్న వ్యాకరణం తీసుకుందాం. ఇందులో రెండే నియమాలు. మొదటిది: ఒక మాట తనంత తాను ఒక పదబంధం కావచ్చు. రెండోది: ఒక పదబంధం ముందు ఇంకో పదబంధం చేరిస్తే వచ్చేదీ పదబంధమే. ఇప్పుడు "పాత పుస్తకాల కొట్టు" అనే మూడు మాటల్ని దీనికి అప్పగిద్దాం. ముందు "పాత", "పుస్తకాల" కలిపి ఆ తరవాత "కొట్టు" చేరిస్తే అది పాత పుస్తకాలు అమ్మే కొట్టు. ముందు "పుస్తకాల", "కొట్టు" కలిపి ఆ పైన "పాత" చేరిస్తే అది పుస్తకాలు అమ్మే పాతకాలపు కొట్టు. మాటలు మారలేదు, వరస మారలేదు, ఏ మాటకీ రెండో అర్థం లేదు. మారింది ఏది దేనితో ముందుగా ముడిపడిందన్న లెక్క మాత్రమే. ఆ ముడుల్ని కాగితం మీద గీస్తే రెండు వేర్వేరు చెట్లు వస్తాయి. ఏ ఒక్క వాక్యానికైనా ఇలా రెండు చెట్లు గీయగలిగే వ్యాకరణాన్ని సందిగ్ధ వ్యాకరణం అంటారు. నిర్వచనం ఇంతే.

మూడు మాటలకి రెండు చెట్లయితే నాలుగు మాటలకి 5, అయిదు మాటలకి 14, ఆరు మాటలకి 42. కాటలాన్ సంఖ్యలని లెక్కల్లో వీటికి పేరు. "మా ఊరి పాత పుస్తకాల కొట్టు" అన్నామంటే మన బుల్లి వ్యాకరణం 14 చెట్లు గీస్తుంది. విజయవాడ లెనిన్ సెంటర్లోనో, ఆదివారం పూట ఆబిడ్స్ పేవ్‌మెంటు మీదో నిలబడి పుస్తకాలు వెతుక్కున్నవాడికి మిగతా 13 ఉన్నాయన్న అనుమానం కూడా రాదు. యంత్రానికి 14 కనబడతాయి, మనకి ఒకటే కనబడుతుంది. ఎవరి చూపు పదునైనది? జవాబు అనుకున్నంత తేలిక కాదు.

యంత్రం ఇచ్చే తీర్పు

ప్రోగ్రామింగ్ భాషలో రెండు చెట్లకి చోటు లేదు. 10 లోంచి 4 తీసి, అందులోంచి 3 తీస్తే 3 మిగులుతుంది. 4 లోంచి 3 ముందు తీసి, ఆ వచ్చినదాన్ని 10 లోంచి తీస్తే 9 వస్తుంది. బ్యాంకు ఖాతాలో రెండూ చెల్లవు కదా! కనక తీసివేతలు ఎడమ నుంచి మొదలుపెట్టాలని కట్టడి చేశారు.

ఇంతకన్నా పేరు పడ్డ చిక్కు ఇంకోటుంది. అది తెలుగులోనే చెబుతాను. బడికి బయల్దేరుతున్న పిల్లవాడితో తల్లి ఇలా అంటుంది: "వాన పడితే, గొడుగుంటే వేసుకో, లేదంటే టోపీ పెట్టుకో." ఆ రోజు వాన పడలేదు. ఎండ కాస్తోంది. పిల్లవాడు టోపీ పెట్టుకోవాలా, అక్కర్లేదా? "లేదంటే" అనేది గొడుగుతో ముడిపడితే, వాన పడి గొడుగు లేనప్పుడే టోపీ. వానతో ముడిపడితే, ఎండ రోజున టోపీ. ఆల్గాల్ 60 మీద జరిగిన చర్చల్లో సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. 1966లో పాల్ అబ్రహామ్స్ దీనికి తుది పరిష్కారం చెబుతున్నానంటూ వ్యాసం రాయవలసినంతగా అది సాగింది. సి భాష వాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేశారు: "లేదంటే" ఎప్పుడూ తనకి దగ్గరగా ఉన్న షరతుకే చెందుతుంది. 1975లో బెల్ ల్యాబ్స్ నుంచి స్టీఫెన్ జాన్సన్ అందించిన యాక్ అనే పనిముట్టు కూడా, ఇలాంటి తగువు వచ్చినప్పుడు వేరే ఆదేశం లేకపోతే అదే పక్షాన తీర్పు చెబుతుంది.

ఇది తీర్పే కాని అవగాహన కాదు. తల్లి మనసులో ఏముందో యంత్రం కనుక్కోలేదు. రెండో చెట్టుని నరికేసింది, అంతే. అది తప్పనడం లేదు, ఇంజనీరింగుకి అది కావాలి. కాని నరికినదాన్ని చూపించి "మా భాషలో అసలు రెండో చెట్టే మొలవదు" అని గర్వపడితే మాత్రం నవ్వొస్తుంది.

పైగా సందిగ్ధతని ముందే పసిగట్టడం కూడా అన్నివేళలా యంత్రం వల్ల కాదు. ఏ సందర్భ నిరపేక్ష వ్యాకరణం ఇచ్చినా చదివి, ఇది సందిగ్ధమా కాదా అని తప్పకుండా చెప్పగల పద్ధతి ఏదీ ఉండదని 1962లో డేవిడ్ కాంటర్, రాబర్ట్ ఫ్లాయిడ్ ఎవరికి వారుగా నిరూపించారు. ఇంకా కనిపెట్టలేదని కాదు, ఎప్పటికీ ఉండదని. కొన్ని వ్యాకరణాల సంగతి తేల్చవచ్చు. అన్నిటికీ ఒకే కొలబద్ద మాత్రం దొరకదు.

శ్లేషలో ఏది చెట్టు, ఏది మాట

మన ఆలంకారికులు శ్లేషని అభంగం, సభంగం అని విడదీశారు. నాకు తెలిసినంతలో కంపైలర్ రాసేవాళ్ళు చేసే విభజనకి ఇది చాలా దగ్గర. అభంగ శ్లేషలో పదం విరగదు, అర్థం మారుతుంది. న్యాయశాస్త్ర వ్యాఖ్యానంలో ఒక ఉదాహరణ ఉంది. ఫలానా అతను నవకంబళుడు అంటే, కొత్త కంబళి ఉన్నవాడని ఒకరి భావం. తొమ్మిది కంబళ్ళేవీ అని ఎదుటివాడి కొంటె ప్రశ్న. ఇది నిఘంటువులో ఉన్న చిక్కు.

సభంగ శ్లేషలో పదాల్ని విరిచే చోటు మారుతుంది. "వారికిరాయి ఇచ్చాం" అని ఖాళీ లేకుండా రాశామనుకోండి. వారి కిరాయి ఇచ్చామని ఇంటివారు సంతోషిస్తారు. వారికి రాయి ఇచ్చామంటే మాత్రం తగాదాకి దిగుతారు. మాటల మధ్య ఖాళీ వదిలే అలవాటు వచ్చాక ఇలాంటివి కాగితం మీద చాలావరకు మాయమయ్యాయి. ఖాళీలు వదలని తాటాకుల కాలంలో, పద్యాన్ని చదవడం కన్నా వినడం ఎక్కువగా ఉన్న కాలంలో, ప్రతి పాదమూ ఇలాంటి అవకాశమే.

మూడోది అన్వయంలోని చిక్కు. ఇదే అసలైన చెట్ల తగువు. "చేప మింగిన పాము" అన్నప్పుడు ఎవరు ఎవర్ని మింగారు? మనుషులు కాని వాటికి ద్వితీయా విభక్తి "ని" వదిలేసే అలవాటు మనకుంది కనక చేప కర్తా కావచ్చు, కర్మా కావచ్చు. చిన్న చేపయితే ఒక చెట్టు, పెద్ద చేపయితే ఇంకో చెట్టు. చేప ఎంతదో వ్యాకరణం చెప్పదు, చెరువు చెప్పాలి!

సంస్కృతంలో సందిగ్ధత లేదనేవాళ్ళకి వైదిక సంప్రదాయంలోనే జవాబుంది. తన కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపితే త్వష్ట పగబట్టి యజ్ఞం చేశాడు. "ఇంద్రశత్రువు" వృద్ధి పొందాలని కోరాడు. ఆ సమాసంలో చివరి అచ్చు ఉదాత్తమైతే తత్పురుషం, ఇంద్రుణ్ణి సంహరించేవాడని అర్థం. మొదటి పదం మీద ఉదాత్తం పడితే బహువ్రీహి, ఇంద్రుడే ఎవరికి సంహర్తో వాడని అర్థం. స్వరం తప్పింది, రెండో అర్థం ఫలించింది, పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. మహాభాష్యం మొదట్లోనే పతంజలి, వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ ఈ కథని తలుచుకుంటాడు. గమనించండి. మన భాషలో సందేహం లేదు కనక నిశ్చింతగా ఉండమని ఆయన అనలేదు. సందేహం ఉంది, ప్రాణం మీదికి తెస్తుంది, అందుకే చదువుకోండన్నాడు.

రెండు కథల కావ్యం

ఇక తెలుగుకి వద్దాం. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు. సంస్కృతంలో ధనంజయుడు, కవిరాజు అంతకు ముందే ఇలాంటి కావ్యాలు రాశారు. తెలుగులో మనకి దొరికిన వాటిలో మొదటిది సూరనదే. నాలుగు ఆశ్వాసాల కావ్యం. ఒక పక్క నుంచి చదివితే రామాయణం, ఇంకో పక్క నుంచి చదివితే భారతం. ఆ తరవాత భట్టుమూర్తి హరిశ్చంద్రుడి కథనీ నలుడి కథనీ కలిపి హరిశ్చంద్రనలోపాఖ్యానం రాశాడు.

వీటిని "శబ్దాల గారడీ" అని పక్కన పెట్టేసే విమర్శ ఒకటుంది. "ప్రపంచంలో ఎవరికీ సాధ్యం కాని అద్భుతం" అని దణ్ణం పెట్టి ఊరుకునే మెచ్చుకోలు ఒకటుంది. రెండూ కావ్యాన్ని తెరవకుండా మూసేవే. ఇక్కడ వ్యాకరణ శాస్త్రంలోంచి ఒక ఫలితం తెచ్చి పెట్టి చూద్దాం.

కొన్ని సందిగ్ధ వ్యాకరణాలని మళ్ళీ రాసి బాగు చేసుకోవచ్చు. కాని కొన్ని భాషలు ఎలా రాసినా బాగుపడవు. వాటికి ఏ సందర్భ నిరపేక్ష వ్యాకరణం రాసినా రెండు చెట్ల వాక్యాలు ఉండి తీరతాయి. అలాంటి భాషలు ఉన్నాయని 1961లో నిరూపించినవాడు భారతదేశంలో పుట్టిన గణితవేత్త రోహిత్ పరీఖ్. పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణని పూసల్లో చెబుతాను. ఒక దండలో ముందు ఎర్ర పూసలు, తరవాత తెల్లవి, చివర నీలివి గుచ్చాలి. ఎర్రవీ తెల్లవీ సమానమైతే దండ చెల్లుతుంది. తెల్లవీ నీలివీ సమానమైనా చెల్లుతుంది. 3, 3, 5 దండ మొదటి కారణం వల్ల చెల్లింది. 5, 3, 3 దండ రెండో కారణం వల్ల చెల్లింది. మరి 3, 3, 3 దండ? రెండు కారణాల వల్లా చెల్లుతుంది. ఎంత తెలివిగా నియమాలు రాసినా ఇలాంటి దండల్లో కొన్నిటికి రెండు చెట్లు తప్పవు.

రాఘవపాండవీయం ఆ 3, 3, 3 దండ. గణితార్థంలో కాదు లెండి, కావ్యం పరిమితమైనది. పోలిక మాత్రమే. రామకథకి చెల్లే పద్యాలు కొల్లలు, భారతకథకి చెల్లేవీ కొల్లలు. రెండింటికీ చెల్లే ఇరుకు జాగాలో సూరన కావ్యమంతా నడవాలి. ఆ జాగా ఉన్నదంటే ముందు కథలే కలిసిరావాలి. దశరథుడు వేటలో పొరపాటున మునికుమారుణ్ణి కొట్టి శాపం తెచ్చుకున్నాడు. పాండురాజు లేడి రూపంలో ఉన్న మునిని కొట్టి శాపం తెచ్చుకున్నాడు. అక్కడ శివుడి విల్లు, ఇక్కడ మత్స్యయంత్రం. అక్కడా అడవి, ఇక్కడా అడవి. ఆ పైన మాటలు కలిసిరావాలి. భీమ అంటే భయంకరమైనది, అర్జున అంటే తెల్లనిది, కృష్ణ అంటే నల్లనిది. "భీమసేన" అన్న మాటని పేరుగా చదివితే రెండో పాండవుడు, సమాసంగా విడదీస్తే భయంకరమైన సైన్యం. భారతంలో మనిషి పేరైనది రామాయణంలో సైన్యానికి విశేషణమైపోగలదు.

ఇందులో లోపం లేకపోలేదు. రెండు కథల్లోనూ ఉన్నది చెప్పేటప్పుడు పద్యం సాఫీగా సాగగలదు. ఒక కథకే సొంతమైన దుఃఖం వచ్చినప్పుడు కవి మాటని విరవాలి, అరుదైన అర్థాన్ని వెతకాలి, పాఠకుడు వ్యాఖ్యానం కోసం చెయ్యి చాచాలి. విరిచి చదివిన చోట కన్నీరు రాదు. ఈ కావ్యం ఎంత గొప్పదైనా, కళాపూర్ణోదయంలో ఇదే కవి కథ నడిపిన తీరులో ఉన్న స్వేచ్ఛ ఇందులో ఉండడానికి వీల్లేదు. ఇరుకు జాగా ఎన్నుకున్నందుకు కట్టిన మూల్యం అది.

కాని ఆ మూల్యానికి వచ్చినది చిన్నది కాదు. యాక్ రెండో చెట్టుని నరికింది. సూరన రెండు చెట్లకీ నీళ్ళు పోశాడు. ఒకే పద్యంలో రెండు వంశాల శోకాన్ని నిలబెట్టి, ఏది అసలు, ఏది కొసరు అన్న ప్రశ్నకి చోటు లేకుండా చేశాడు. ఇంతటి పని సందిగ్ధత లేని భాషలో అసాధ్యం. మన భాషలో ఆ గుణమే లేదని మనమే సభల్లో ప్రకటించుకుంటే, సూరన కావ్యం దేనితో కట్టాడని పిల్లలకి చెబుతాం?

మన ఇళ్ళలో

మా ఊళ్ళో ఆదివారం తెలుగు బడిలో ఒకసారి పదకొండేళ్ళ అమ్మాయి అడిగింది: "పాత పుస్తకాల కొట్టు అంటే పుస్తకాలు పాతవా, కొట్టు పాతదా?" తరగతిలో ఉన్న పెద్దవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాలో ఎవరికీ ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. వెనక బల్ల మీంచి ఇంకో పిల్లవాడు "రెండూనేమో" అన్నాడు. పక్కన కూర్చున్న ఒక బామ్మగారు మాత్రం పుస్తకాలే పాతవని తేల్చి, చదువుకునే రోజుల్లో అణాకీ బేడకీ అక్కడ కొన్న నవలల గురించి పావుగంట చెప్పారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

ఇక్కడ పెరిగే పిల్లలకి తెలుగు సందర్భ నిరపేక్షంగానే చేరుతోంది. అక్షరాలు నేర్పుతున్నాం, విభక్తులు నేర్పుతున్నాం, పద్యాలు వల్లె వేయిస్తున్నాం. ఆ మాటల వెనకున్న వీధి, చెరువు, కొట్టు వాళ్ళకి లేవు. అందుకే మనకి కనబడని చెట్లు వాళ్ళకి కనబడతాయి. దాన్ని తెలుగు రాకపోవడం అనుకుంటే పొరపాటు. ఆ అమ్మాయి వ్యాకరణం చూడవలసినది చూసింది. ఆమెకి లేనిది, రెండిట్లో ఏది ఎంచుకోవాలో చెప్పే అనుభవం. అది ఏ నియమాల పుస్తకంలోనూ దొరకదు, బామ్మగారి పావుగంటలో దొరుకుతుంది.

ఇప్పటి అనువాద యంత్రాలు మునుపటిలా చెట్లు గీసి కూర్చోవు. లెక్కలేనన్ని వాక్యాలు చదివి, ఏ అర్థానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా కట్టి ఒకటి చేతిలో పెడతాయి. చాలాసార్లు అది సరైనదే అవుతుంది. పిల్లలు అమ్మమ్మ పంపిన మెసేజీని ఫోనుకి చూపించి అర్థం తెలుసుకునే రోజులు వచ్చాయి. నాకు అందులో అభ్యంతరం లేదు, నా వృత్తే అది. కాని ఆ జవాబుతో పాటు ఇంకో చెట్టు ఉండిందన్న సంగతి పిల్లవాడికి చేరదు. అమ్మమ్మ చమత్కారంగా రెండర్థాలూ ఉద్దేశించి ఉంటే, ఒకటి దారిలోనే రాలిపోతుంది. అమ్మమ్మ నవ్వింది రాలిపోయిన దాని గురించి కావచ్చు.

కనక తల్లిదండ్రులకి నా మనవి ఒక్కటే. పిల్లలు "ఇది ఇలాగా, అలాగా" అని అడిగినప్పుడు "మనం అలాగే అంటాం, అంతే" అని యాక్ లాగా తీర్పు చెప్పకండి. రెండు రకాలుగానూ విడదీసి చూపించండి. తరవాత మీకు ఒకటే ఎందుకు వినిపిస్తుందో, దాని వెనకున్న ఊరినీ మనుషుల్నీ కలిపి చెప్పండి. ఆ అలవాటు చేసిన పిల్లలు రేపు సూరనని అందుకుంటారో లేదో చెప్పలేను. అమ్మమ్మ మాటలో రెండో అర్థం ఉందేమోనని మాత్రం ఒక క్షణం ఆగి వింటారు.